ఆరు మైకులు, ఏడు దీపాలు

దేవ్లన్నకు ఒక్కటే జబ్బు. ఎక్కడ సౌండ్ పెట్టినా, గాలిలో ఎవరున్నారో చూసుకునేదాకా మైకు ఆన్ చేయడు. ‘ఎవరున్నారో’ అన్నది నా మాట కాదు, ఆయన మాటే.

కార్యక్రమం సాయంత్రమైతే ఆయన పొద్దున్నే దిగుతాడు. చెవులకు హెడ్‌ఫోన్, చేతిలో గాలిలోని సిగ్నళ్లు చూపించే సెల్‌ఫోనంత మీటరు. ఖాళీ మైదానమంతా తిరిగి, అడవి అంచున ఎండుటాకుల్లో ఆగి, ఎవరూ లేని వైపు చూసి తల ఊపుతాడు.

"ఎవలతోని మాట్లాడుతున్నవే?" అని ఒకసారి గొర్లు కాసేవాళ్లు అడిగారు.

"ఇంకా మాట్లాడలే. ఇంటున్న."

వాళ్లు గొర్రెలను వేరే దారిన తోలుకుపోయారు.

నేను కోటేష్‌ని. నాలుగేళ్లుగా ఆయన దగ్గరే పని నేర్చుకుంటున్నాను. వైర్లు చుట్టడం అయ్యాక వైర్‌లెస్ మైకుల దగ్గరికి రానిచ్చాడు. మొదటి పాఠానికే ఒళ్లు జలదరించింది.

"రెండు మైకులు ఒక్కపారే నడిస్తే గాల్ల మూడోది పుడుతది తమ్మీ."

"ఏడుందన్నా మూడోది?"

"ఏడ లేదు. గని పుడుతది. అది పోయి ఇంకో మైకు మీద కూసున్నదనుకో, ఆ మైకు పట్టుకున్నోని గొంతు గరగరమంటది."

అందుకే ఆరు మైకుల ఫ్రీక్వెన్సీలను సమాన దూరంలో పెట్టనివ్వడు. అలా పెడితే పుట్టినవన్నీ సరిగ్గా మన మైకుల మీదికే వస్తాయట. ఎడమ అరచేతిలో బాల్‌పెన్నుతో అంకెలు వేసి, కూడి, తీసేసి, ఒకదానికొకటి పొంతన లేని దూరాల్లో పెడతాడు. మధిరలో ఒక పెళ్లిలో ఆ అంకెలు చూసి ఒకావిడ తన జాతకం చెప్పమని చెయ్యి చాపింది. "నీది ఖాళీగనే ఉందమ్మా" అన్నాడు. ఆవిడ భోజనం చేయకుండానే వెళ్లిపోయింది.

ఇక ఏడోదాని సంగతి. మాకు చేతి మైకులు ఆరు, వాటి సిగ్నల్ అందుకునే రిసీవర్లు ఏడు. మైకు ఆన్ అయితే దాని రిసీవర్ మీద పచ్చ దీపం వెలుగుతుంది. ఏడోదానికి కూడా మైకు పెట్టమని ఎవరడిగినా ఒకటే జవాబు: "అది ఖాళీ లేదు. అండ్ల ఒకరున్నరు."

నవ్వి ఊరుకుందామంటే, ఆ ఏడో దీపం నిజంగానే వెలిగేది. ఆరు మైకులూ పెట్టెలోనే ఉన్నా, వేదిక మీద మనిషి లేకున్నా, పచ్చగా. ఒకసారి దాని హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. చెక్క కిర్రుమంది. తర్వాత నా చెవి పక్కనే ఎవరో నిదానంగా ఊపిరి విడిచారు. తలెత్తి చూస్తే పరదా ఒక్కటే కదులుతోంది.

అదీ అన్ని చోట్లా వెలిగేది కాదు. బొగ్గు గనుల్లో పనిచేసి వచ్చినవాళ్లున్న ఊళ్లలోనే వెలిగేది. గనిలోనే పోయినవాళ్లు పైకి వచ్చి మాట్లాడుతున్నారేమోనని, అప్పటినుంచి ఆ రిసీవర్‌కు వీపు చూపించి కూర్చోలేదు.

పోయిన మార్చిలో అశ్వారావుపేట పక్కన ఒక స్కూలు వార్షికోత్సవం. మైదానం వెనకంతా పామాయిల్ తోట. నాలుగింటికే ఆ వరసల మధ్య చీకటి. మైకు చూసుకోవడానికి తొమ్మిదో తరగతి హర్షిత వచ్చింది. ఆ పిల్ల మిమిక్రీ చేస్తుంది.

"అన్నా, అగో చివర్ల కుల్ల పెట్టుకున్నాయన మా తాత మంగయ్య. నలభై ఏండ్లు బొగ్గు బాయిల పనిచేసిండు. ఎప్పుడైనా ఆయనే ముందు నవ్వుతడు. గప్పుడే నాకు ధైర్యమొస్తది."

మంగయ్య అంత ఎండలోనూ చెవుల మీదికి మంకీ క్యాపు లాక్కుని, తోట కంచెకు ఆనుకుని కూర్చున్నాడు. రోజారాణి టీచరు ప్రార్థన అయ్యాక ఒక జోకు చెప్పింది. మంగయ్య నవ్వాడు. ఆ తర్వాత ఆయన పక్కవాళ్లు నవ్వారు. ఇంకోటి చెప్పింది. మళ్లీ అంతే. జోకు ఆ వరసకు చేరకముందే ఈయనకు తెలిసిపోతోంది. నేను ఏడో దీపం వైపు చూశాను. వెలుగుతోంది.

అప్పుడే స్కూలు కమిటీ చందర్ వచ్చాడు.

"ఏందయ్యా దేవ్లా, ముఖ్య అతిథికి వేరే మైకు లేదంటవా? అగో, ఏడోది వెలుగుతనే ఉంది!"

"అండ్ల ఒకరున్నరు సార్."

"ఎవలు?"

"మీకు కనపడరు."

చందర్ రెండడుగులు వెనక్కి వేశాడు. కానీ పోతూ పోతూ, "వచ్చేసారి ఖమ్మం నుంచి వేరేటోళ్లను పిలుస్తం" అన్నాడు.

నాకు తలకొట్టేసినట్టయింది. దేవ్లన్న జనరేటర్ చూడటానికి వెళ్లగానే మీటరు తీశాను. ఏ సిగ్నల్ ఎక్కడిదో పట్టడం ఆయన నేర్పిన పనే. దగ్గరికి పోయేకొద్దీ గీతలు పెరుగుతాయి. తోట వైపు నడిస్తే ఒక గీత. వేదిక వైపు తిరిగితే మూడు. ఉపన్యాసాల బల్ల దగ్గర నిండుగా. వంగి చూశాను. బల్ల కింద నల్ల టేపుతో అంటించిన అగ్గిపెట్టెంత డబ్బా, దానికో కాలర్ మైకు. నాలుగేళ్లు నన్ను వణికించింది ఇదా! ఒళ్లు మండి స్విచ్ ఆపేశాను. ఏడో దీపం ఆరింది.

హర్షిత వేదిక మీదికి వచ్చి హెడ్‌మాస్టరు గొంతు తీసింది. మైదానం ఘొల్లుమంది. మంగయ్య నవ్వలేదు. పక్కవాళ్ల మొహాలు చూశాడు. చూశాక నవ్వాడు, ఆలస్యంగా, ఏళ్ల తరబడి అలవాటైన మనిషిలా. తర్వాత క్యాపు మీద చెవి దగ్గర రెండుసార్లు తట్టుకున్నాడు.

హర్షిత తాతనే చూస్తోంది. రెండో గొంతు రాలేదు. నోరు తెరిచి అలాగే నిలబడింది. తోటలో మట్టలు రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

నాకు అప్పుడు అర్థమైంది. వేదిక మీదికి నాలుగు కాళ్ల మీద పాకి, బల్ల కింద దూరి స్విచ్ వేశాను.

"ఏందది? కుక్కా?" అని చందర్ అరిచాడు.

"చెప్పు బిడ్డా, చెప్పు" అన్నాను బల్ల కిందినుంచే.

ఆ పిల్ల చెప్పింది. దూరంగా కంచె దగ్గర ఒక్క నవ్వు. వెనకాలే మైదానమంతా.

సామాను సర్దేటప్పుడు అడిగాను. "నాకన్న చెప్పొచ్చు గదన్నా?"

"బాయిల బ్లాస్టింగులతోని చెవులు పోయినయ్ వాళ్లకు. మంగయ్య ఇంట్ల గుడ చెప్పుకోలే. పొద్దున తిరిగేటప్పుడే పోయి బల్ల కింది మైకు ఇనపడే చిన్న రిసీవర్, ఇయర్‌ఫోన్ ఇచ్చొస్త. కుల్ల కింద పెట్టుకుంటడు."

"మరి అందరికంటే ముందెట్ల నవ్వుతడు?"

"స్పీకర్ల చప్పుడు ఆ చివరిదాక నడిచి పోవాలె. గిది గాల్ల సిగ్నల్, ఎంటనే పోతది."

"మరి ఆ ‘ఒకరున్నరు’ ముచ్చటేంది?"

దేవ్లన్న అరచేతిలో అంకెలు ఉమ్మితో తుడుచుకున్నాడు. "మొదట్ల చెవులు ఇనరానోళ్లకని చెప్పిన. గాళ్లకెందుకయ్యా అని ప్రతొక్కరు ఆ మైకు గుంజుకున్నరు. ఒకరున్నరని చెప్పిన సంది ఎవ్వలు ముట్టలే."

ఈ మార్చిలో మళ్లీ అదే స్కూలు. ఖమ్మం వాళ్లను పిలవలేదు. దేవ్లన్న తోట వైపు తిరుగుతున్నాడు. చందర్ నా పక్కకు వచ్చి, వెలుగుతున్న ఏడో దీపం చూసి గొంతు తగ్గించాడు.

"ఇంకా పోలేదా?"

"పోలే సార్" అన్నాను, మొహంలో నవ్వు రానీయకుండా. "ఈసారి ఇద్దరొచ్చిండ్రు."

కార్యక్రమం మొదలైంది. చివరి వరసలో రెండు మంకీ క్యాపులు, తమ పక్కవాళ్లకు ఇంకా చేరని జోకుకు, పగలబడి నవ్వుతున్నాయి.