ముహూర్తానికి రాసిన కోడు

ఆ రోజుల్లో నాకో మూఢనమ్మకం ఉండేది. తప్పును కంప్యూటరే పట్టి చూపిస్తే ఇక ఎవరూ కాదనరని! ఆటోనగర్‌లో టైర్ల షాపు మేడమీద మా ఆఫీసు, లారీ షెడ్లకు సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళం. "ఈ సోమవారం మీటింగ్ అవగానే నిన్ను పర్మినెంట్ చేసేస్తానమ్మా" అని సారు అన్న పాపానికి, మా అమ్మ ఇబ్రహీంపట్నంలో వీధంతా చాటింపు వేసింది. నేను ఆ పొద్దున బందరు లడ్డూలు కూడా కొనుక్కుని వెళ్ళాను (ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం).

మా సారు ముహూర్తం లేనిదే ఏ పనీ మొదలుపెట్టరు. కంపెనీ తెరిచిన రోజున కంప్యూటర్‌కు పసుపూ కుంకుమా పెట్టి, సరిగ్గా లగ్నానికి తన చేత్తో కాస్త కోడు రాశారు. లారీ బ్రేకులు చూపించుకోవాల్సిన గడువు దగ్గరపడితే ఓనరుకు మెసేజ్ పంపే భాగం అది. దానికి దణ్ణం పెట్టుకోవడమే గానీ ఎవరూ ముట్టుకోకూడదు. నేనేమో, ప్రోగ్రామును నడపకుండానే చదివేసి అందులో ఏ దారి ఎక్కడికి పోతుందో చెప్పే టూల్ ఒకటి తెచ్చి దానిమీదకు వదిలాను. "ఈ భాగానికి ఏ దారిలోనూ చేరలేం" అందది. తీరా చూస్తే, మెసేజ్ పంపే వరుసలకు సరిగ్గా పైనే 'ఇక్కడితో ఆపి వెనక్కి పో' అని సారే రాసిపెట్టారు. అంటే ఇన్నాళ్ళుగా ఒక్క ఓనరుకూ మెసేజ్ వెళ్ళలేదు.

మీటింగ్‌లో అందరి ముందూ చెప్పేశాను. "ఒక్క లైను కిందకి జరిపితే చాలండీ సార్."

"ముహూర్తానికి రాసిందమ్మా అది! దానిమీద చెయ్యేస్తావా?"

"బ్రేకుల సంగతి కదండీ..."

"మెసేజ్ రాలేదని ఇన్నాళ్ళలో ఒక్కడన్నా ఫోన్ చేశాడా? ఆ టూల్ తీసి పారెయ్యండయ్యా. నువ్వూ రేపట్నుంచి రానక్కర్లేదమ్మా."

"కరెక్టండీ" అన్నాడు మా టీమ్ లీడరు (ఆయన నోట ఇంకో మాట మేం వినలేదు). నేను బ్యాగు సర్దుకుంటుంటే ఆయనే లడ్డూ నములుతూ వచ్చి, "బాగుందమ్మా, ఏ షాపులోది?" అన్నాడు. అన్నట్టు ఇంకో మాట కూడా వచ్చన్నమాట. షాపు పేరు చెప్పాను కూడా!

ఆ మంట నాకు ఇప్పటికీ చల్లారలేదు. కోడులో దారులన్నీ వెతికిన పిల్ల, సారు చెవికి దారుందో లేదో ముందుగా చూసుకోలేదు, పిచ్చిది. ఇప్పటికీ బెంజి సర్కిల్ దగ్గర నా వెనక లారీ వస్తుంటే స్కూటీ పక్కకు తీసి ముందుకు పొమ్మంటాను. అది మర్యాద అనుకుని డ్రైవరు చెయ్యి ఊపుతాడు. నేనూ నవ్వి ఊపుతాను.