నల్లబడని పట్టీ

ఆ పళ్ల ఆసుపత్రిలో అందరూ ఆమెను ఆవిరక్క అనేవారు. పదిహేడేళ్లుగా వెనకగదిలో ఆవిరి యంత్రం దగ్గర పనిచేస్తున్నందుకు పడిన పేరది. వాడిన పరికరాలను కడిగి, తుడిచి, సంచుల్లో పెట్టి అంటించి, యంత్రంలోకి ఎక్కించడం ఆమె పని. ప్రతి సంచిలోనూ ఒక కాగితపు పట్టీ ఉంటుంది. వేడి ఆవిరి సరిగ్గా తగిలితే అది నల్లబడుతుంది. నల్లబడకపోతే ఆ సంచి పని మళ్లీ మొదటికి.

శుభ్రం విషయంలో ఆమె ఎవరి మాటా వినేది కాదు. ఇంట్లోనూ అదే వరస. "మీ వదిన ఏదో ఒకరోజు నన్ను కూడా ఆ యంత్రంలో పెట్టేస్తుంది" అని భర్త తన చెల్లెలితో అని నవ్వేవాడు.

ఒక సోమవారం మధ్యాహ్నం యంత్రం ఆగీ ఆగకముందే ఫోన్ మోగింది. కూతురికి నొప్పులు మొదలయ్యాయట. ఆవిరక్కకు కాళ్లూ చేతులూ ఆడలేదు. సంచులు గబగబా తీసి సొరుగులో సర్దేసి, డాక్టరమ్మకు చెప్పి పరుగెత్తింది. సాయంత్రానికి మనవరాలు పుట్టింది.

మర్నాడు పొద్దున్నే పనిలోకి వచ్చి సొరుగు లాగింది. మొదటి సంచిలో పట్టీ పాలిపోయి ఉంది. రెండోదీ అంతే. మిగిలినవన్నీ తిరగేసింది. ఒక్కటీ నల్లబడలేదు. నిన్న తాను వాటిని చూడనే లేదని అప్పుడు గుర్తొచ్చింది.

గదిలో ఇంకెవరూ లేరు. మళ్లీ యంత్రంలో పెట్టేస్తే అడిగేవాళ్లు ఉండరు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమె తనను తాను తిట్టుకుంది. సంచి పట్టుకుని ముందు గదికి వెళ్లింది.

"డాక్టరమ్మా, ఒక్కసారి ఇలా రండి."

"పేషెంటు కుర్చీలో ఉన్నారు. ఏంటి?"

"ఆయన్ని ఇంకా ముట్టుకోకండి."

డాక్టరమ్మ వచ్చి పట్టీ చూసింది. ఒక్క ప్రశ్నే అడిగింది. "నిన్న ఈ విడతవి ఎంతమందికి వాడాం?"

సంచుల మీది నంబర్లు పుస్తకంతో సరిచూశారు. ముగ్గురు: ఒక బస్సు డ్రైవరు, ఒక స్కూలు మాస్టారు, మూడోది ఆవిరక్క సొంత ఆడపడుచు.

"కడిగినవే కాబట్టి ప్రమాదం తక్కువే" అంది డాక్టరమ్మ. "కానీ తక్కువ వేరు, లేకపోవడం వేరు. ముగ్గురికీ చెప్పాలి, రక్తపరీక్షలు చేయించాలి."

"చూడకుండా సర్దింది నేను. నేనే చెబుతాను."

"పక్కన కూర్చో. వైద్యం సంగతి నేను చెబుతాను, నీ సంగతి నువ్వు చెప్పు."

డ్రైవరు అంతా విని, "దాచకుండా చెప్పారు, అదే పదివేలు" అన్నాడు. మాస్టారు మాత్రం నిప్పులు చెరిగాడు. ఆవిరక్క అడ్డు చెప్పకుండా చివరిదాకా విన్నది.

ఆడపడుచుకు ఫోన్లో చెప్పడానికి మనసొప్పలేదు. ఇంటికే వెళ్లింది.

"చేతులు కడుక్కోమని మా అందరి ప్రాణాలూ తీస్తావు కదా వదినా. నా దగ్గరికొచ్చేసరికి ఇలా చేశావేం?"

"చూడలేదమ్మా. దానికి ఇంకో సమాధానం లేదు."

ఆడపడుచు ముఖం తిప్పుకుంది.

యంత్రం తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీటవారి, ఆవిరి బయటికి పోతోందని మెకానిక్ తేల్చాడు. కొత్తది వేశాక కూడా డాక్టరమ్మ వెంటనే వాడనివ్వలేదు. యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే పరీక్ష ఫలితం వచ్చేదాకా నాలుగు రోజులు ఆసుపత్రి మూసే ఉంచింది. ఇకమీదట ఇద్దరు పట్టీ చూసి సంతకం పెడితే తప్ప ఏ సంచీ సొరుగులోకి పోకూడదంది.

రక్తపరీక్షలు ఒక్కసారితో తేలేవి కావు. ఆరునెలల్లో నాలుగుసార్లు ఇవ్వాల్సి వచ్చింది. ప్రతిసారీ ఆవిరక్క ఆడపడుచు వెంట వెళ్లింది. మొదటిసారి ఇద్దరూ చెరో బెంచీ మీద కూర్చున్నారు. మూడోసారి ఆడపడుచే జరిగి, "కూర్చో వదినా, నిలబడితే ఫలితం తొందరగా వస్తుందా" అంది. ఆవిరక్క కూర్చుని, కళ్లు తుడుచుకుంది.

చివరికి ముగ్గురికీ ఏమీ లేదని తేలింది. డ్రైవరు ఆ పళ్ల ఆసుపత్రికే భార్యను కూడా తీసుకొచ్చాడు. మాస్టారు మాత్రం మళ్లీ ఆ మెట్లెక్కలేదు. ఆయన్ని ఎవరైనా చాదస్తుడంటే ఆవిరక్క ఒప్పుకునేది కాదు. "ఆయన చోట నేనున్నా రాను" అనేది.