ప్రార్థన సాగినంతసేపే తిరిగిన ఇంజిన్

1984 ఫిబ్రవరి. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఒక గరాజ్‌లో మెకానిక్‌గా పనిచేస్తున్నాను. విజయవాడలో లారీ ఇంజిన్లతో కుస్తీ పట్టి చేయి తిరిగినవాణ్ణి, నర్సు ఉద్యోగం మీద వచ్చిన మా ఆవిడ వెంట అమెరికా చేరాను. అప్పటికి ఇర్వింగ్‌లో తెలుగువాళ్ళు కొద్దిమందే. వాళ్ళలో ఎవరు పాత కారు కొనాలన్నా ముందు నాకు కబురొచ్చేది. కబురొచ్చిందంటే నాకు పండగే! కొత్త కారులో చూడటానికి ఏముంటుంది? పాత కారైతే దాని కడుపులో ఏం దాచుకుందో కనిపెట్టాలి. ఆ సరదా కోసం భోజనం మానేసి వెళ్ళిన రోజులున్నాయి.

అలా చూసిన కార్లలో నేను మరిచిపోలేనిది సుగుణ కొన్న కారు. సుగుణది బాపట్ల. ఫోర్ట్‌వర్త్‌లో ఒక హాస్పిటల్లో నర్సు. రోజూ తోటి నర్సు కారులో వెళ్ళి వచ్చేది. ఆ తోటి నర్సు ఆ వారాంతంలో వేరే ఊరికి మారిపోతోంది. ఇక్కణ్ణుంచి అక్కడికి వేళకు చేర్చే బస్సు లేదు. ఆమె సెలవు పెట్టిన రోజుల్లో రైడ్ దొరక్క అప్పటికే రెండుమూడుసార్లు ఆలస్యమైంది. సోమవారం నుంచి సొంత కారులో వేళకు రాకపోతే ఉద్యోగం ఉండదని సూపర్‌వైజర్ చెప్పేసింది. ఉద్యోగం పోతే వీసా పోతుంది.

మా తెలుగు చర్చిలో సంఘ పెద్ద ఐజాకు గారు. చూపు తగ్గిందని డాక్టర్ ఆయన్ని డ్రైవింగ్ మానేయమన్నాడు. అందుకని తన కారు సుగుణకి అమ్ముతానన్నారు. ఎనిమిదేళ్ళ కారు, ఆరు సిలిండర్ల ఇంజిన్. తిరిగిన మైళ్ళు చాలా తక్కువ. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ కారు మీద చేతులుంచి ప్రార్థన చేసి తాళాలు ఇస్తారని చర్చిలో ప్రకటన కూడా అయిపోయింది. శుభలేఖలు పంచేశాక పెళ్ళిచూపులకి పిలిచినట్టు, శుక్రవారం మధ్యాహ్నం నన్ను చూడమన్నారు.

ఐజాకు గారు, ఆయన భార్య కరుణమ్మ ఆంటీ, సుగుణ ముగ్గురూ గరాజ్‌కి వచ్చారు.

"వందనాలు బ్రదర్. పెద్దాయన కారు కదా, చూపించక్కర్లేదన్నారు అందరూ. నాకే మనసొప్పలేదు," అంది సుగుణ కాస్త మొహమాటంగా.

"చూడనీ అమ్మా, అందులో తప్పేముంది?" అన్నారు ఐజాకు గారు. "దానియేలూ, బిడ్డలా చూసుకున్నానయ్యా దీన్ని. హైవే ఎక్కించలేదు. స్పీడ్‌గా డ్రైవ్ చెయ్యలేదు. చర్చికి, గ్రోసరీకి, అంతే."

బానెట్ ఎత్తాను. లోపలంతా అద్దంలా తుడిచి ఉంది. ఇంజిన్‌లో ఆయిల్ పోసే చోట ఉండే మూత తిప్పి తీశాను. దాని అడుగున తెల్లగా, చిక్కగా, మజ్జిగ చిలికితే కవ్వానికి అంటుకున్న వెన్నలాంటి పదార్థం! ఆయిల్‌లో నీళ్ళు కలిస్తేనే అలా అవుతుంది.

మా ఓనరు నా భుజం మీదుగా తొంగి చూసి, "హెడ్ గాస్కెట్. వదిలెయ్," అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. హెడ్ గాస్కెట్ అంటే ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే పలుచటి రేకు. లోపలి మంటనీ, నీళ్ళనీ, ఆయిల్‌నీ ఒకదానితో ఒకటి కలవకుండా ఆపేది అదే. అది దెబ్బతింటే రేడియేటర్ నీళ్ళు ఆయిల్‌లోకి దిగుతాయి. అంత పాత కారుకి ఆ రిపేరు కంటే వేరే కారు చూసుకోవడమే మేలు.

నేను అదే తెలుగులో చెప్పాను. సుగుణ మొహం పాలిపోయింది.

"మండేకి ఇంకో కారు ఎక్కడ దొరుకుతుంది బ్రదర్? ఇంత కష్టపడి వచ్చి, మళ్ళీ ఇంటికి పొమ్మంటే ఎట్లా?"

కానీ నాకు లెక్క కుదరడం లేదు. రేడియేటర్ మూత తీసి చూస్తే నీళ్ళు తేటగా ఉన్నాయి, పైన చుక్క ఆయిల్ తేలడం లేదు. ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ, డిప్‌స్టిక్, బయటికి లాగి వాసన చూశాను. గుప్పుమని పెట్రోలు వాసన! స్పార్క్ ప్లగ్గులు విప్పితే అన్నీ మసిబొగ్గులు, పెట్రోలు సరిగ్గా కాలడం లేదన్నమాట. గాస్కెట్ పోతే నీళ్ళు రావాలి గానీ పెట్రోలెందుకు వస్తుంది? ఇక నాకు కాలు నిలవలేదు. కారు చుట్టూ తిరుగుతూ ఆంటీని పట్టుకున్నాను.

"ఆంటీ, అంకుల్ ఈ కారు రోజూ తీస్తారా?"

"తియ్యరు గానీ స్టార్ట్ చేస్తారయ్యా. పొద్దున్నే కుటుంబ ప్రార్థనకి కూర్చోబోయే ముందు వెళ్ళి స్టార్ట్ చేసొస్తారు. ఆమెన్ అనగానే వెళ్ళి ఆపేస్తారు. కొన్నప్పటి నుంచీ అదే అలవాటు."

"ప్రార్థన ఎంతసేపు?"

"ఎంతసేపయ్యా, ఐదు నిమిషాలు! ఆయనకి ఆకలి ఆగదుగా."

నేను గట్టిగా నవ్వేశాను. ఐజాకు గారికి కోపమొచ్చింది.

"ఎందుకా నవ్వు? బండి మూలపడితే తుప్పు పడుతుందని రోజూ కాసేపు ఆడించాను. అది కూడా తప్పేనా?"

"తప్పు కాదంకుల్. మీ ప్రార్థన ఇంకో అరగంట సాగి, ఆ అరగంటా కారు రోడ్డు మీద ఉంటే ఇంజిన్ నిక్షేపంలా ఉండేది!" అన్నాను. ముందు నవ్వింది ఆంటీయే.

సంగతేమిటంటే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చోక్ పడుతుంది. గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువ తీసుకునేలా చేసే ఏర్పాటు అది. కాలని పెట్రోలు కొంత ఆయిల్‌లోకి జారుతుంది. కాలిన పెట్రోలు నుంచి నీటి ఆవిరి పుడుతుంది. కారు కొంత దూరం నడిచి ఇంజిన్ బాగా కాగితే ఆ పెట్రోలూ ఆ తేమా ఎగిరిపోతాయి. కాగకముందే ఆపేస్తే లోపలే ఉండిపోతాయి; మూత అడుగున కనిపించిన వెన్న ఆ తేమ ఆయిల్‌తో కలిసి పుట్టిందే. ఎనిమిదేళ్ళు రోజూ పొద్దున్నే జరిగింది ఇదే. పైగా ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగితే, "నడిస్తే కదయ్యా మార్చడానికి!" అన్నారు పెద్దాయన.

"నవ్వులు తర్వాత బ్రదర్," అంది సుగుణ. "కొనొచ్చా, వద్దా?"

ఆ పిల్ల అడిగిందే అసలు ప్రశ్న. నా ఊహ ఎంత బాగున్నా అది రుజువు కాదు. ప్రెషర్ టెస్ట్ పెట్టాను. చేతి పంపుతో రేడియేటర్‌లోకి గాలి ఎక్కిస్తే, లోపల ఎక్కడ కారుతున్నా పంపు మీది మీటరులో ముల్లు దిగిపోతుంది. నలుగురం ఆ ముల్లునే చూశాం. అది కదల్లేదు! తరవాత కంప్రెషన్ టెస్ట్. ఒక్కో సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చెప్పే పరీక్ష అది. ఆరూ ఇంచుమించు ఒకేలా పలికాయి. నేను ఎగిరి గంతేశాను. మా ఓనరు మళ్ళీ వచ్చి చూసి, "సరే, గాస్కెట్ కాదు. ఆయిల్ పాన్ విప్పి చూడందే మాత్రం హైవే ఎక్కించకు," అన్నాడు.

ఆ మాట చెప్పినందుకు ఆయనకి జన్మంతా రుణపడి ఉంటాను. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలవుండే పళ్ళెమే ఆయిల్ పాన్. విప్పితే అందులో తారులాంటి మడ్డి పేరుకుని ఉంది. ఆయిల్‌ని పైకి పీల్చే గొట్టం మూతికి ఒక జల్లెడ ఉంటుంది. అది సగానికి పైగా పూడుకుపోయింది. పెద్దాయన మాట మీద నమ్మకంతో సుగుణ సోమవారం నేరుగా హైవే ఎక్కి ఉంటే, ఆయిల్ అందక ఇంజిన్ దారి మధ్యలోనే బిగుసుకుపోయేది. మడ్డిని కరిగించే మందులు కొందరు పోస్తారు. నేను పోయలేదు. కరిగిన మడ్డి వెళ్ళి మళ్ళీ ఆ జల్లెడలోనే ఇరుక్కుంటుంది. అంతా చేత్తోనే గీకి, కడిగి, కొత్త ప్లగ్గులు, కొత్త ఫిల్టర్, కొత్త ఆయిల్ వేశాను.

శనివారం మధ్యాహ్నం అసలు పరీక్ష. ఆయిల్ ప్రెషర్ చూపించే మీటరుని ఇంజిన్‌కి తగిలించి, దాని గొట్టాన్ని కిటికీలోంచి లోపలికి లాగి, మీటరు ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను. సుగుణ స్టీరింగ్ దగ్గర, ఐజాకు గారు పక్క సీట్లో. హైవే ఎక్కాం. అప్పట్లో లిమిట్ యాభై అయిదు మైళ్ళు. నలభై దాటగానే కారు దగ్గింది. వెనక నల్లటి పొగ. నా ఒళ్ళో ముల్లు వణికింది.

"బ్రదర్! ఆపెయ్యనా?"

"ఆపొద్దు! ముల్లు పడిపోలేదు, పాత మసే కాలుతోంది. కాలు తియ్యకు, అలాగే పోనీ!"

ఇంకో మైలు దగ్గుతూనే వెళ్ళింది. అంతలో ఏదో గొంతులో అడ్డం తొలిగినట్టు దగ్గు ఆగింది. పొగ పలచబడి పోయింది. ముల్లు నిలకడగా నిలబడింది. యాభై అయిదు! ఆ ఇంజిన్ ఆ వేగం చూడటం అదే మొదటిసారి. నేను వెనక సీట్లో ఈల వేశాను. ఐజాకు గారు "హల్లెలూయా!" అని డ్యాష్‌బోర్డ్ మీద చరిచారు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం దాన్నే మెల్లగా నిమురుతూ కూర్చున్నారు.

"దీనికింత పరుగుందని నాకు తెలీదయ్యా," అన్నారు. "కాపాడుతున్నాననుకుని కట్టేసి ఉంచాను."

"ఇకనుంచి రోజూ పరిగెత్తిస్తా అంకుల్," అంది సుగుణ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఆ కారుకి కావలసిన మందు కూడా అదే. రోజూ ఫోర్ట్‌వర్త్ దాకా వెళ్ళి రావడం, మొదట్లో తొందర తొందరగా ఆయిల్ మార్చడం. ఆ రెండూ సుగుణ ఎన్నడూ తప్పలేదు. ఆ కారు ఆమెకి ఏళ్ళ తరబడి సేవ చేసింది.

అప్పటి నుంచీ పాత కారు చూడమని ఎవరొచ్చినా మైళ్ళు ఎన్ని తిరిగిందని మొదట అడగను. ఇంట్లోవాళ్ళని పిలిచి, పొద్దున లేచింది మొదలు ఈ బండితో ఏం చేస్తారో చెప్పమంటాను. ఎంత జాగ్రత్తగా దాచారన్నది ఇంజిన్‌కి అక్కర్లేదు. అది కాగిందా లేదా, అంతే. ఈ సంగతి నాకు నేర్పింది ఆ కారే.

ఆ ఆదివారం అనుకున్నట్టే ప్రార్థన చేసి తాళాలు సుగుణకిచ్చారు. మర్నాడు సోమవారం పొద్దున గరాజ్ ఫోన్ మోగగానే నేనే అందుకున్నాను.

"బ్రదర్, హాస్పిటల్ నుంచి. షిఫ్ట్‌కి ఇంకా చాలా టైముంది. మా సూపర్‌వైజరే ఇంకా రాలేదు!" అంటూనే సుగుణ ఏడ్చేసింది.