మేనత్త వీపు, మేనకోడలి పేరు

ఆ రోజుల్లో నాకు తెలియని పేరంటూ లేదు. కాస్త ఎక్కువ చెబుతున్నాననిపించవచ్చు గానీ, ఇరవై ఏళ్ల వయసులో మనిషికి తెలియనిదేముంటుంది? తెలియనివన్నీ ఆ తర్వాతే కదా మొదలయ్యేది. అనంతపురంలో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని. చేతికి కొత్తగా ఇంటర్నెట్ ఉన్న ఫోన్ వచ్చింది. తోటి పిల్లలు దాంట్లో పాటలు వింటుంటే నేను ఆడపిల్లల పేర్లు, వాటి అర్థాలు చదివేదాన్ని. ఏ దేశంలో ఏ పేరు పెట్టుకుంటారు, అది ఏ భాషలోంచి వచ్చింది, దానికి అర్థమేమిటి, ఇదే ధ్యాస. ఎందుకంటే చెప్పలేను. కొందరికి పాత నాణేల పిచ్చి ఉంటుంది, కొందరికి తపాలా బిళ్లల పిచ్చి. నాది దుడ్లు ఖర్చు కాని పిచ్చి అని నాయన సంతోషించేవాడు (ఫోన్ కొనిచ్చింది తనేనన్న సంగతి మరిచిపోయి).

సెలవులకు రాయదుర్గం దగ్గరున్న మా ఊరికి వస్తే ఇక మా వీధి ఆడవాళ్లకు తెరిపి ఉండేది కాదు. శనక్కాయలు వలుచుకుంటూ అరుగుల మీద కూర్చున్న వాళ్లను ఒక్కొక్కరినే పట్టుకుని వాళ్ల పేరుకు అర్థం చెప్పి గానీ వదిలేదాన్ని కాదు. ఎదురింటి ముత్యాలమ్మ పిన్నితో, నీ పేరే దొరసానులు మార్గరెట్ అని పెట్టుకుంటారు, గ్రీకు భాషలో దాని మూలం ముత్యమే అని చెబితే, ఆమె ఆ వారమంతా రేషన్ షాపు దగ్గర "నేను మార్గరెట్టునంట" అని కనబడిన వాళ్లందరికీ చెప్పుకుంది. గాజులమ్మే నూర్జహాన్ అత్తతో, నీ పేరుకు లోకానికే వెలుగని అర్థం అంటే, "మా ఇంట్లో బల్బు పోయి నెల అయింది పాపా" అంది. మూడో ఆడపిల్లగా పుట్టి, ఇంక చాలని దేవుడికి మొరపెట్టుకుంటూ వాళ్లమ్మానాయనలు పేరు పెట్టిన చాలమ్మకు అర్థం చెప్పే పనే లేదు. ఆమె తర్వాత ఇంకో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, దేవుడికి తెలుగు రాదేమో మరి. మా పొలంలో కలుపుకు వచ్చే రాహేలమ్మ దగ్గర మాత్రం కాస్త తడబడ్డాను. రాహేలు హెబ్రీ మాట, దానికి గొర్రె అని అర్థం. ఆ మాట చెప్పి నాలుక కరుచుకున్నాను. ఆమె నవ్వి, "గొర్రె అంటే తక్కువా పాపా? వానల్లేని ఏడు మమ్మల్ని బతికించింది గొర్రెలే కదా" అంది. మా వీధి నాకు పెట్టిన పేరు 'పేర్ల పాప'. దాని అర్థం ఎవరినీ అడగలేదు.

ఇంత మందిని పీడించినా, నేను ముట్టుకోని పేరు ఒకటుండేది. అది మా అమ్మ పేరు, తిప్పమ్మ. మా వైపు తిప్ప అంటే ఊరి చివర చెత్త, పేడ పోసే కుప్ప. కన్న బిడ్డలు వరసగా పోతూ ఉంటే, ఆ తర్వాత పుట్టిన బిడ్డను చాటలో పెట్టి ఆ తిప్ప మీద పడేస్తారు. అవతలి వీధి వాళ్లెవరో దారిన పోతున్నట్టు వచ్చి ఎత్తుకుంటారు. వాళ్ల దగ్గర కన్నతల్లి దోసెడు తవుడిచ్చి బిడ్డను కొనుక్కుంటుంది. పారేసిన సరుకు కాబట్టి ఇక చావు దానివైపు చూడదని నమ్మకం. అమ్మకు ముందు పుట్టిన వాళ్లెవరూ నిలవలేదు, అమ్మ నిలిచింది. ఇదంతా నాకు తెలుసు, కానీ హాస్టల్లో ఎవరైనా మీ అమ్మ పేరేమిటని అడిగితే మాట మార్చేదాన్ని. కన్నవాళ్ల పేరు నోటితో అనకూడదని పెద్దలంటారు చూడండి, ఆ ఆచారాన్ని నా అంత నిష్ఠగా పాటించినవాళ్లు జిల్లాలో ఉండరు.

నేను రెండో సంవత్సరంలో ఉండగా మా అన్నకు కూతురు పుట్టింది. అన్న రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే చోట కటింగ్ మాస్టరు. వదినది బళ్ళారి. అంతకుముందు ఏడు వదినకు ఒక బిడ్డ పుట్టి, పురిటి గదిలోనే పోయింది. ఈ బిడ్డ కూడా నెలలు నిండకముందే పుట్టింది. గాజుపెట్టెలో కొన్నాళ్లుంచి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మా ఇంటికి తెచ్చేటప్పటికి అన్న అరచేతి నుంచి మోచేతి దాకా సరిపోయేంత ఉంది. వదిన నిద్రపోయేది కాదు. బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ కూర్చునేది. ఇంట్లో అందరూ మెల్లగా మాట్లాడేవారు, కుక్కర్ విజిల్ వస్తే అమ్మ పరుగెత్తేది. అందరికీ లోపల ఒకటే భయం, ఇదైనా నిలుస్తుందా అని. నాకు మాత్రం వేరే పని పడింది. మేనత్తను కదా, పేరు పెట్టే హక్కు నాది.

అయ్యవారు 'అ' అక్షరం రావాలన్నాడు. నాకదే చాలు. నాయన ఇంటి దేవత పేరు పెడదామన్నాడు, వినలేదు. అన్న "పిలిసేదానికి సులువుగా ఉంటే సాలు" అన్నాడు, అతని చదువు పదో తరగతే కదా అని జాలిపడ్డాను. సముద్రాలు దాటి వెతికి చివరికి ఒక పేరు పట్టుకొచ్చాను. అనస్తాసియా. గ్రీకు పేరు, రష్యాలో రాణులు పెట్టుకున్నది, మా జిల్లాలో ఇంకొకరికి ఉండే ప్రమాదమే లేదు. వదినకు చెబితే, బిడ్డ మీద నుంచి కళ్లు తిప్పకుండానే, "శానా పొడుగుండాది పాపా" అంది. అమ్మ శనక్కాయలు వలుస్తూ విని, "బిడ్డ ఇంకా పిట్టంత ఉండాది. అంత పేరు మోస్తాదా?" అంది. తర్వాత ఏదో చెప్పబోయి, నా మొహం చూసి మానుకుంది. "కాలం మారిందమ్మా" అన్నాను. (ఇరవై ఏళ్లప్పుడు కాలం మన కోసమే మారుతూ ఉంటుంది.)

ఒక ఆదివారం తొట్టెలలో వేశారు. బళ్ళారి నుంచి వదిన తరపు ఆడవాళ్లు ఒక టెంపో నిండా దిగారు. వాళ్ల ఆచారం ఒకటి నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మేనత్త తొట్టెలలోకి వంగి బిడ్డ చెవిలో పేరు మూడుసార్లు చెప్పాలి. ఆమె చెబుతున్నంతసేపూ చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆమె వీపు మీద గుద్దాలి. సరదాకే. ఎంత గట్టిగా గుద్దితే బిడ్డకు అంత ఆయుష్షట. "మెత్తగానే వేస్తాంలే పాపా" అంది వదిన వాళ్ల పెద్దమ్మ చేతులు రుద్దుకుంటూ. జీవితమంతా జొన్నరొట్టెలు తట్టిన చేతులవి. ఎందుకైనా మంచిదని పేరును అరచేతిలో పెన్నుతో రాసుకున్నాను. వంగే ముందు నా రెండు చేతులకూ పసుపు పూసి బిడ్డ పాదాలు ముట్టించారు. అక్కడితో గ్రీకు భాష చెరిగిపోయింది.

వంగాను. బిడ్డ కళ్లు తెరిచి నావైపే చూస్తోంది. 'అన' అన్నానో లేదో, వెనక నుంచి పెద్దమ్మ మొదటి గుద్దు గుద్దింది. ఊపిరితిత్తుల్లో గాలంతా బయటికి పోయింది. దాంతోపాటు మిగతా అక్షరాలు కూడా. రెండో గుద్దు, మూడో గుద్దు, ఇక లెక్క లేదు, టెంపో మొత్తం నా వీపు మీదే దిగింది. "పేరు సెప్పమ్మా, బిడ్డ కాసుకోనుండాది" అని అరుస్తున్నారు, నవ్వుతున్నారు. నాకు ఒక్క పేరు గుర్తు రావడం లేదు. ప్రపంచంలోని ఆడపిల్లలందరి పేర్లూ తెలిసిన దాన్ని, సోఫియా లేదు, లూసీ లేదు, ఆఖరికి ముత్యాలమ్మ కూడా లేదు. తల తిప్పితే తొట్టెల అవతల అమ్మ నిలబడి ఉంది. నవ్వడం లేదు. బిడ్డ వైపు చూస్తూ రెండు చేతులూ గట్టిగా పట్టుకుని ఉంది. అప్పుడు నా నోటి నుంచి, పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ పలకని మాట ఒకటి వచ్చింది. తిప్పమ్మ. ఒకసారి వచ్చాక ఆగలేదు. మూడుసార్లూ అదే చెప్పాను, మూడోసారి వీధి చివరిదాకా వినబడేటట్టు.

గుద్దులు ఆగిపోయాయి. నా వీపుకు సంబంధించినంత వరకు మంచి వార్త అదొక్కటే. నాయన "ఏం పేరు పెట్టినావే నువ్వు" అన్నాడు. వదిన వాళ్లమ్మ మొహం మాడిపోయింది. "ఈ కాలంలో ఆ పేరేందప్పా, ఇస్కూల్లో పిల్లోల్లు నవ్వరా? మల్లా ఒకసారి సెప్పించండి" అంది. చెవిలో పడిన పేరు వెనక్కి రాదని ఒకరు, గుద్దితే వచ్చిన పేరు లెక్కలోకి రాదని ఒకరు, ఇల్లు పంచాయితీ అయిపోయింది. నేను వీపు తడుముకుంటున్నాను. అమ్మే ముందుకొచ్చి, "వద్దులేమ్మా. నా పేరు దానికెందుకు? పాప తెచ్చిన పేరే పెట్టుకోండి" అంది. గొంతు మాత్రం ఆ మాటతో కలవలేదు.

అప్పుడు వదిన లేచింది. పురుడు వచ్చినప్పటి నుంచి పది మాటలు గట్టిగా మాట్లాడని మనిషి. "అదే ఉండనీండి" అంది. వాళ్లమ్మ ఏదో అనబోతే, "పేరు అందంగా ఉండాల్నని నాకు లేదుమా. బిడ్డ ఉండాల. అత్తమ్మకు ముందు అందరూ పోయినా అత్తమ్మ నిలిసింది కదా, ఆ పేరే నాకు కావాల" అని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, వీపు వల్ల అనుకున్నారు అందరూ. అమ్మ లోపలికి పోయి చాట తెచ్చింది.

ఆ తర్వాత జరిగింది ఏ ఫోన్‌లోనూ దొరకదు. బిడ్డను పాత చీర ముక్కలో చుట్టి, చాటలో పెట్టి, అమ్మ తిప్ప దగ్గరికి నడిచింది. టెంపో జనమంతా వెనకాల. కోళ్లను తోలి, ఎండిన చోటు చూసి చాట దించింది. రాహేలమ్మ అటు పోతున్నట్టు వచ్చి, "అయ్యో, ఎవురిదో బిడ్డ, ఎవురో పారేసినారే" అని ఎత్తుకుంది. వదిన దోసెట్లో తవుడు పట్టుకుని ఎదురు వచ్చింది. అంతటితో అయిపోవాలి. కానీ రాహేలమ్మకు బేరం అలవాటు. "దోసెడు సాలదమ్మా, చూడు ఎంత నిగనిగలాడతాండాదో" అంది. అమ్మ గభాల్న అడ్డుపడి, "నిగనిగా లేదు ఏమీ లేదు, నల్లగా ఎండిపోయిన వంకాయ మాదిరుండాది. దీనికి దోసెడు తవుడే ఎక్కువ" అంది. అటు పొగిడితే ఇటు తిట్టడం, మేమంతా నవ్వలేక చస్తున్నాం. ఆఖరికి తవుడు పైన ఒక బెల్లం ముక్కకు బేరం తెగింది. ఇంత గందరగోళంలోనూ బిడ్డ ఆవులించి నిద్రపోయింది.

సాయంత్రం అమ్మ నా వీపుకు వేడి ఆముదం రాస్తుంటే పేరు గుర్తొచ్చింది, పూర్తిగా, స్పష్టంగా. "అనస్తాసియా" అని అరిచాను. "అంటే ఏమి?" అంది అమ్మ. చచ్చిపోయి మళ్లీ బతికి లేచినది అని అర్థం చెప్పాను. అమ్మ ఇంకాస్త ఆముదం చేతిలోకి వంచుకుంది. "అట్లైతే ఆ దేశంలోనూ తిప్పలుంటాయా?" అని అడిగింది. ఉంటాయేమోనమ్మా అన్నాను. అంతకుముందు ఎన్ని పేర్లకు అర్థాలు చదివానో, ఏ ఒక్కదాని వెనకా ఒక తల్లి భయపడుతూ నిలబడి ఉంటుందని తట్టలేదు. ఆ రోజు నుంచి ఎవరైనా మీ అమ్మ పేరేమిటంటే తలెత్తి చెబుతూ వచ్చాను.

బిడ్డ నిలిచింది. నిలవడమే కాదు, ఇల్లు పీకి పందిరి వేసింది. అప్పుడు మొదలైంది అసలు చిక్కు. కోడలు అత్త పేరు పలకకూడదు కదా. పలకకూడని పేరున్న బిడ్డను వదిన ఎలా పిలవాలి? పిలవడం మానేసి "అత్తమ్మా" అనడం మొదలుపెట్టింది. అత్తమ్మ అన్నాక నువ్వు అనడానికి నోరు రాదు. దాంతో, "అత్తమ్మా, మన్ను తినకండి", "అత్తమ్మా, మీరు గుడ్డలేసుకోకుండా వీధిలోకి పోకండి" అంటూ ఉండేది. పిలుపు వినిపిస్తే వంటింట్లోంచి అమ్మ, గాదె చాటు నుంచి రెండేళ్ల పిల్ల, ఇద్దరూ ఒకేసారి "ఆఁ" అనేవారు. కొత్తవాళ్లు వస్తే, మా వదినంత అణకువ గల కోడలు ఇంకెక్కడా లేదని చెప్పుకుంటూ పోయేవాళ్లు.

ఇప్పుడు నేను గుంతకల్లులో ఉంటున్నాను, మా ఆయనది రైల్వే ఉద్యోగం. క్వార్టర్సులో ఎవరికి ఆడపిల్ల పుట్టినా నా దగ్గరికి వస్తారు. మునుపటిలా పేర్లు దంచను, మీ ఇంట్లో పెద్దావిడ పేరేమిటని ముందు అడుగుతాను. పోయినేడు అమ్మ పోయింది. దినాలయ్యాక మేమందరం వాకిట్లో కూర్చున్నాం. పొద్దు వాలుతోంది, వదిన దీపం పెట్టడానికి లేచి, గడపలో ఆగి, ఇంట్లోకి చూసి పిలిచింది. "తిప్పమ్మా" అంది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె నోట ఆ పేరు రావడం అదే మొదలు. నాయన తలెత్తి చూశాడు. అన్న చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. లోపలి నుంచి నా మేనకోడలు, ఇప్పుడు వాళ్లమ్మ కంటే బెత్తెడు పొడుగు, బయటికి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని, "ఏమ్మా, ఈ పొద్దు మర్యాద తగ్గింది?" అంది.

ముందు నవ్వింది నాయన. తర్వాత అందరం నవ్వాం, వదిన కూడా, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. ప్రపంచంలోని ఆడపేర్లన్నిటికీ అర్థం తెలుసనుకుని వీధులు తిరిగిన ఆ ఇరవై ఏళ్ల పిల్ల గుర్తొచ్చి, నాకు నవ్వు ఆగలేదు. దాని వీపు మీద ఇంకో రెండు పడాల్సింది.