ఆకురాయితో రాసేసిన గీత

1944 వేసవిలో మదనపల్లెలోని ఒక ప్రైవేటు బస్సు షెడ్డులో మెకానిక్కుగా చేరాను. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. మద్రాసులో పుట్టి పెరిగి, అక్కడి వర్క్‌షాపులో పని నేర్చినవాణ్ణి. ఎవరైనా ఎదురు మాట్లాడితే చేతిలో ఉన్న స్పానరు గోడకేసి కొట్టేవాణ్ణి.

యుద్ధంవల్ల పెట్రోలుకు రేషను. బస్సు వెనక కొలిమిలాంటి గ్యాసు ప్లాంటు బిగించి, బొగ్గు కాల్చగా వచ్చే గ్యాసుతో నడిపేవారు. కొలిమి రాజుకోవడానికి అరగంట పడుతుంది. అందుకని షెడ్డులో మాత్రం కాస్త పెట్రోలు పోసి ఇంజను పరీక్షించేవాళ్లం.

కుప్పం లైను బస్సుకు టైమింగ్ చైను సాగిపోయింది. ఇంజను అడుగున తిరిగే ఇరుసునూ, వాల్వులు తెరిచే ఇరుసునూ జతగా తిప్పే గొలుసు అది. కొత్తది వేసి, రెండు పళ్లచక్రాల మీది గుర్తులూ కలిపాను. ప్లగ్గులో నిప్పురవ్వ ఏ క్షణాన పడాలో నిర్ణయించేది డిస్ట్రిబ్యూటరు. దాని మెడమీద ఉలితో కొట్టిన గీత ఒకటి కనబడింది. ఎవడో మోటువాడి పని అనుకుని ఆకురాయితో నున్నగా రాసేశాను. కంపెనీ పుస్తకంలో చెప్పినచోటే బిగించాను. పెట్రోలు మీద ఇంజను ఒక్క దగ్గు లేకుండా ఆడింది.

మరునాడు పుంగనూరు దాటాక మెరక ఎక్కలేక బస్సు ఆగిపోయింది. డ్రైవరు మస్తాన్ సాయిబు వయసు నా వయసుకు రెట్టింపు. షెడ్డుకు తిరిగొచ్చి, టైమింగు వెనకబడి ఉండాదేమో సూడండి సార్ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చైను మూత విప్పి చూశాను. గుర్తులు కలిసే ఉన్నాయి. డిస్ట్రిబ్యూటరు లోపలి పాయింట్లు రుద్దాను, ప్లగ్గులు మార్చాను. రెండోనాడు బస్సు మళ్లీ అక్కడే ఆగింది. తప్పు డ్రైవరుదేనని ఓనరుకు రిపోర్టు రాసిచ్చాను. ఇంకోసారి ఆగితే మస్తాన్‌ను పనిలోంచి తీసేస్తానని ఓనరు షెడ్డులో అందరి ముందూ చెప్పి, నన్ను కూడా బండిలో పొమ్మన్నాడు.

మూడోనాడూ అదే మెరక. పొగగొట్టం ఎర్రగా కాగింది, ఇంజను ఆగింది. జనం దిగారు. పెద్దపంజాణి రైతు ఒకాయన నా వైపు చూసి, "నువ్వు దిగొద్దులే మెకానిక్కప్పా, బండితో పాటు నిన్ను గూడా తోస్తాం" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ కసి మస్తాన్ మీద తీర్చుకున్నాను. "గేరు వేయడం చేతకాదు గానీ నాకు టైమింగు నేర్పుతావా?" అని అరిచాను.

అతనికీ ఓపిక పోయింది.

"షెడ్డులో పెట్రోలు పోసి సూసి పంపిస్తాండారు. ఈడ నేను పెట్రోలు మీద పోతాండానా? బొగ్గు గ్యాసు మెల్లగా అంటుకుంటాది సార్, నిప్పు ముందే పడల్ల. దానికే గీత కొట్టి పెట్టుకోనుండా. యాడికి పోయె నా గీత?"

అతను నా చేతిలోంచి స్పానరు తీసుకుని, పట్టీ వదులుచేసి, చెవి పెట్టి వింటూ డిస్ట్రిబ్యూటరును సగం వేలి మందం తిప్పాడు. బస్సు మెరక ఎక్కి కుప్పం చేరింది.

మేము మదనపల్లెకు తిరిగొచ్చేసరికే బస్సు మళ్లీ ఆగిందన్న కబురు ఓనరుకు అందింది. తప్పు నాదని చెప్పాను, కాగితం మీద రాసిచ్చాను.

"మొన్న వాని తప్పంటివి, ఈ పొద్దు నీ తప్పంటాండావు. నేను మాత్రం అందరి ముందర ఒకే మాట చెప్పినా" అని ఓనరు మస్తాన్‌కు లెక్క తేల్చి పనిలోంచి తీసేశాడు. స్పానరు గోడకేసి కొట్టాను. ఆయన తల కూడా తిప్పలేదు.

వెళ్లేముందు మస్తాన్ ఉలి తీసుకుని, డిస్ట్రిబ్యూటరు మెడమీద మళ్లీ గీత కొట్టాడు. "ఇది మట్టుకు ఉండనీ సార్, వచ్చేవానికి కావల్ల" అన్నాడు.

ఆ తర్వాత నా సర్వీసు పొడుగునా, ఏ ఇంజనునైనా అది దేనితో నడుస్తుందో దానితోనే, బరువు మీద, మెరక మీద పరీక్షించాను. డ్రైవరును అడగకుండా ఏ గుర్తునూ చెరపలేదు. ఆనాడు స్పానరు గోడకేసి కొట్టింది ఓనరు మీది కోపంతోనే అని చాలాకాలం అనుకున్నాను. ఇంజనులో నేను చేసిన తప్పు సగం వేలి మందంతో సరైపోయింది. రిపోర్టులో చేసింది సరికాలేదు.