ఎర్ర చంద్రుడి మర్నాడు

నా చిన్నప్పుడు భిలాయ్‌లోని మా సెక్టర్ 7లో నక్షత్రాలు చూడాలంటే పక్కింటి అక్క గదిలోకి వెళ్ళాలి. బయటి ఆకాశం ఉక్కు ప్లాంటుది. పొగ, దీపాల వెలుగు, కొలిమిలో మిగిలిన స్లాగ్ మడ్డిని పారబోసినప్పుడల్లా ఎగసే ఎరుపు. వాటి మధ్య నాలుగైదు చుక్కలు కనిపిస్తే ఎక్కువ. ఇళ్ళలోకి కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. ఇంజినీరింగ్ చదువుతున్న ఆ అక్క కంప్యూటర్‌లో ఆకాశాన్ని చూపించే ప్రోగ్రాం ఉండేది. ఊళ్ళ జాబితాలో భిలాయ్ లేకపోవడంతో దగ్గర్లోని రాయపూర్ పెట్టుకుంది. తేదీ మారిస్తే ఆ రోజు ఆకాశం వచ్చేది. మిట్టమధ్యాహ్నం కిటికీకి దుప్పటి కట్టి, నేను రాబోయే రాత్రుల్లో తిరిగేదాన్ని.

ఆ వేసవిలో క్యాంప్ 2లోని మా ప్రార్థన మందిరానికి ఎక్కడి నుంచో ఒక ప్రసంగీకుడు వచ్చారు. కడవరి దినాల గురించి, చంద్రుడు నెత్తురులా మారడం గురించి మూడు రోజులు చెప్పారు. తేదీ మాత్రం ఆయన చెప్పలేదు. ఆ పని నేను చేశాను. అక్క కంప్యూటర్‌లో చంద్రుణ్ణి పట్టుకుని రోజులు ముందుకు తోస్తూ పోయాను. రెండు నెలల తరవాత ఒక తెల్లవారుజామున చంద్రుడు మసకబారి, తుప్పురంగుకు తిరిగాడు. గ్రహణమని పక్కనే రాసి ఉంది. నేను తేదీ ఒక్కటే కాగితం మీద రాసుకున్నాను. ఆదివారం సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి, చంద్రుడు నెత్తురయ్యే రోజు కంప్యూటర్‌లో కనిపించిందని చెప్పి ఆ తేదీ చదివాను.

ప్రభువు వచ్చే గడియ ఎవరికీ తెలియదన్న లేఖనం నాకు అప్పటికే కంఠతా వచ్చు. అయినా చదివాను. ప్లాంటులో డ్యూటీ చార్టు కూడా కంప్యూటరే ఇస్తున్న కాలం కాబట్టి అది తప్పు చెప్పదని మా సంఘంలో అందరికీ గురి. పదేళ్ళ పిల్ల మాటకు మందిరమంతా ఆమెన్ అంది.

మా నానమ్మకు షుగర్. ఎడమ బొటనవేలి దగ్గర మానని పుండు. రోజు విడిచి రోజు డిస్పెన్సరీలో కట్టు కట్టించుకునేది. ఆ ఆదివారం తరవాత కట్టు మానేసింది, మాత్రలు కూడా మానేసింది.

"అమ్మా, జిద్ చెయ్యకు. ఇలాగే మొండికేస్తే కాలు తీసేస్తారు," అని నాన్న బతిమాలాడు.

"తీసీనీరా. పరలోకానికి నడిసి ఎల్తానేటి?" అంది నానమ్మ.

నేను ఆమె పక్కనే పడుకునేదాన్ని. మొదట్లో పుండుకు రాసుకున్న కొబ్బరినూనె వాసన వచ్చేది. పది రోజులు తిరిగేసరికి దాని అడుగున ఇంకో వాసన మొదలైంది, ఎలుక చచ్చిన గదిలో వచ్చేలాంటిది. వేలు నల్లబడుతోంది. ఆమె నా తల నిమురుతూ, "దేవుడు నీ కళ్ళకే సూపించాడే, నా తల్లీ," అనేది. నేను దుప్పటి ముక్కు మీదికి లాక్కునేదాన్ని.

ఎందుకంటే, ఆ మధ్యాహ్నం నేను ఎర్ర చంద్రుడి దగ్గర గడియారం ఆపలేదు. ఇంకా తోశాను. తెర మీద తెల్లవారింది. మర్నాడూ తెల్లవారింది, మరుసటి ఏడూ తెల్లవారింది. సంఘమంతా నా వైపు తిరిగి చూసిన ఆ ఒక్క నిమిషం కోసం ఈ ముక్క మింగేశాను.

చివరికి అక్కకు చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. నేరుగా మా ఇంటికి వచ్చి, "చలో మామ్మా, ఆ చంద్రుణ్ణి మీరూ చూద్దురుగాని. అంతా నమ్మేశారు, చూసినవాళ్ళు ఒక్కరూ లేరు," అంది. నానమ్మ ఆమె భుజం పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళింది. అక్క మౌస్ నా చేతిలో పెట్టింది.

చంద్రుడు ఎర్రబడ్డాడు. నానమ్మ చేతులు జోడించింది. నేను ఆపేశాను.

"రుకో మత్," అంది అక్క మెల్లగా. "ఆపకు, ఇంకా జరుపు."

జరిపాను. సూర్యుడు లేచాడు.

నానమ్మ జోడించిన చేతులు దించింది. "ప్రభువు రాకడ ఈ మిషనుకేటి తెలుస్తాది?" అంది.

"తెలీదు మామ్మా. మరి మీరంతా నమ్మిన ఆ తేదీ కూడా ఇది చెప్పిందే కదా?"

నానమ్మ నా వైపు తిరిగింది. "ఈ తెల్లారడం నువ్వు ముందే సూసినావేటే?"

తల ఊపాను. ఆమె తన కాలి వంక చూసుకుని, "సలుపుతాంది. ఆసుపత్రికి ఎల్దాం," అంది. నొప్పి ఊసు ఆమె నోట రావడం అన్ని రోజుల్లో అదే మొదలు.

రెండు వేళ్ళు తీసేశారు. పాదం దక్కింది. ఇంకో వారం ఆగితే అదీ దక్కేది కాదన్నారు. మందిరానికి రాగలిగిన మొదటి ఆదివారం నానమ్మ నన్ను చేయి పట్టి నిలబెట్టి, దాచినదంతా చెప్పించింది. ఆ రోజు ఎవరూ ఆమెన్ అనలేదు. నానమ్మ మాత్రం, నేను కూర్చున్నాక, నా చేయి తన ఒళ్ళోకి తీసుకుంది.

ప్రభువు వస్తాడని ఆనాడు నమ్మాను, ఈనాడూ నమ్ముతున్నాను. ఇప్పుడు ఆడవాళ్ళ కూడికల్లో నేనే వాక్యం చెబుతాను. నోరు తెరిచే ముందు చాపల మీద కూర్చున్న పెద్దవాళ్ళ వంక ఒకసారి చూస్తాను. వీళ్ళలో ఎవరో ఒకరు నా మాట పట్టుకుని ఇంటికి వెళ్ళి రాత్రి వేసుకోవలసిన మాత్ర పక్కన పెట్టేస్తారేమోనన్న భయం నన్ను విడిచిపోలేదు. విడిచిపోవాలని దేవుణ్ణి అడగను కూడా.