టీచరమ్మ తాగమన్న నీళ్ళు

మా మేనత్త పోయింది. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఎస్టీడీ బూతాయన వింజమూర్లో మా ఇంటికొచ్చి చెప్పినాడు, ఊరి నుంచి ఫోనొచ్చిందని. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఎవరి మీదని అడిగితే చెప్పలేను.

వరికుంటపాడు పక్కన మా పల్లెలో ఎలిమెంటరీ స్కూలు టీచరు ఆమె. ఊరందరికీ టీచరమ్మ. నా చిన్నప్పుడు మా ఊళ్ళో మొదటి బోరు పడినప్పుడు, మమ్మల్నందర్నీ వరసలో తీసుకపోయి ఆ నీళ్ళు తాగించింది. కుంట నీళ్ళు తాగితే వాంతులు, భేదులు. బోరు నీళ్ళు చూడండి, అద్దం మాదిరి ఉండాయి, ఇంక ఇవే తాగాల అనేది. కుంట కాడ కనబడినోడికి తొడపాశం తప్పేది కాదు. అందరం విన్నాము. ఆమె మాట కాదనే మొనగాడు మా ఊళ్ళో ఎవడుండాడు?

తొంభైల మొదట్లో, ఫ్లోరైడు గురించి చెప్పడానికి కొందరు కుర్రోళ్ళు ఆత్మకూరు తిరనాళ్ళలో స్టాలు పెడితే, నన్నూ లాక్కొనిపోయి వాళ్ళల్లో చేరింది. గుడి తిరనాళ్ళలో మనకేం పనని మా చర్చి పెద్దలు గొణిగినారు. జనం యాడుంటే ఆడే మన పని అనింది. రంగులరాట్నానికీ బొరుగుల అంగడికీ మధ్యన ఒక బల్ల వేసినాము. మీ బోరు నీళ్ళు సీసాలో తెచ్చుకోండి, చూసి చెప్తామని ఊళ్ళల్లో ముందే చాటించినాము. నీళ్ళల్లో ఎర్ర మందు చుక్కలేస్తే, మంచివైతే ఎర్రగానే ఉంటాయి. ఫ్లోరైడుంటే పసుపు రంగుకి తిరుగుతాయి. జనం గారడీ చూసినట్టు మూగినారు. మా ఊరి నీళ్ళు మాత్రం మా అత్త తేలేదు. రేపు చూద్దాంలే అనేది.

ఆమె పాత శిష్యుడొకడు కూతుర్ని చంకనేసుకొని వచ్చినాడు. నడవాల్సిన వయసే ఆ బిడ్డది. మోకాళ్ళు లోపలికి వంగిపోయి నడవలేదు. వాడు తెచ్చింది మా ఊరి బోరు నీళ్ళు. అత్తే చుక్కలేసింది. పసుపైనాయి.

"మీరు తాగమన్న నీళ్ళే కదా టీచరమ్మా," అన్నాడు. నిష్ఠూరం కూడా లేదు ఆ మాటలో.

"అవున్రా. నేనే తాగమన్నాను."

"మరి ఇంక ఏ నీళ్ళు తాగాల?"

కుంట ఎండిపోయి ఏళ్ళయింది. వేరే నీళ్ళు యాడుండాయి చెప్పడానికి?

ఆ తర్వాత మా అత్త మంచినీళ్ళ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది. వస్తాయి, వస్తాయన్నారు. నేను వింజమూరు నుంచి క్యాన్లో నీళ్ళు మోసుకపోతే, నా కళ్ళ ముందరే ఆ బిడ్డ ఇంటికి పంపేసేది. తను తాగింది బోరు నీళ్ళే. తిట్టినాను, బతిమాలినాను. "నేను చెప్పిన పాఠం నేనే మధ్యలో వదిలేస్తే ఎట్టరా?" అని నవ్వేది. నడుము వంగింది. మెడ బిగిసిపోయింది. ఎవరన్నా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూడాల్సి వచ్చేది.

పెట్టెలో ఆమె వెల్లకిలా పట్టలేదు, మూత పడలేదు. పక్కకు తిప్పి, పసిబిడ్డను పండబెట్టినట్టు పండబెట్టినాము.

సమాధుల తోటలో మట్టి వేసి ఊళ్ళోకొచ్చేసరికి ఎండ మాడిపోతా ఉండాది. ఆ శిష్యుడే బోరు పంపు కొట్టినాడు. అందరం చేతులు కడుక్కున్నాము. నోళ్ళు పిడచగట్టుకపోయినాయి. ఒకరి మొకం ఒకరం చూసుకున్నాము. తర్వాత ఒక్కొక్కరే వంగి దోసిళ్ళు పట్టినాము.